కుప్పం దారిలో కారు అద్దం

సొంత కారున్నవాడికి వేరే శత్రువు అక్కర్లేదని మా కాలేజీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన అంటూ వుండేవారు. ఆయనకు కారు లేదు. అందుకని అసూయకొద్దీ అంటున్నారనుకునేవాణ్ణి. 2025 కార్తీకమాసంలో ఒకనాడు మదనపల్లె నుంచి కుప్పం వెళ్ళాను. ఆ మాటలో నిజమెంతో, నిజం కానిదెంతో ఆ రోజున తెలిసివచ్చింది. ఆ ప్రయాణం సంగతి పాఠకులకు చెబుతాను.

కుప్పంలో మా అక్క కాపురం. అక్క కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆ సాయంత్రం నాలుగు గంటలకు పిల్లను ఉయ్యాలలో వేసి పేరు పెట్టాలి. మునిమనవరాలిని తన చేతులతో ఉయ్యాలలో వెయ్యాలని మా అమ్మ పట్టుదల. అమ్మకు డెబ్భై రెండేళ్ళు. ఐదారేళ్ళుగా ఉబ్బసం. చలిగాలి తగిలిందంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. కార్తీకమాసపు తెల్లవారుజామున మదనపల్లెలో చలి ఎలా వుంటుందో ఆ ఊరివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అందుకని బస్సు వద్దనుకుని, అద్దాలు బిగించుకుని వెచ్చగా పోవచ్చునన్న ధైర్యంతో కారు తీశాను.

కారు కదిలీ కదలకముందే అమ్మ ఒక కోరిక కోరింది. "ముందు ఆరోగ్యవరం పోయి, ఆ గేటు కాడ ఒక్క నిమిసం ఆపు నాయనా."

ఆరోగ్యవరం సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. క్షయరోగానికి మందు లేని కాలంలో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర ఒక శానటోరియం కట్టించాయి. అది 1915లో తెరుచుకుంది. డెన్మార్కు దేశం నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి పెద్ద డాక్టరు. ఆ రోజుల్లో క్షయకు వైద్యమంటే మంచి తిండి, విశ్రాంతి, తెరిచిన కిటికీలు, అంతే. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. సముద్రమట్టానికి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున వున్న ఈ ఊరి గాలినే మందుగా నమ్ముకుని ఎక్కడెక్కడినుంచో రోగులు వచ్చేవారు. రోగులే కాదు, 1919లో దక్షిణదేశమంతా తిరిగి అలసిన రవీంద్రనాథ ఠాకూరు కూడా విశ్రాంతికి ఇక్కడికే వచ్చి, బిసెంట్ కాలేజీలో బసచేసి, జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ఇంతకూ చెప్పొచ్చేదేమిటంటే, మదనపల్లె గాలికి పెద్ద పేరుంది.

మా తాత, అంటే అమ్మ తండ్రి, 1961లో ఎనిమిది నెలలు ఆరోగ్యవరంలో వుండి బాగుపడి ఇంటికి వచ్చాడు. అప్పటికి మందులు వచ్చాయి. కాని అమ్మ మందుల పేరెత్తదు. "ఆ గాలికే బతికినాడు మా నాయన" అంటుంది. ఆ దారిన ఎప్పుడు పోయినా గేటు ముందు దణ్ణం పెట్టుకోవడం ఆమెకు అలవాటు. అద్దం అడ్డంగా వుంటే దణ్ణం చేరదని కాబోలు, ఆ రోజు కూడా తలుపు మీది మీట నొక్కి అద్దం దించింది. చేతులు జోడించింది. మళ్ళీ మీట నొక్కింది.

"టిక్" మని చప్పుడైంది. అద్దం కదల్లేదు.

"రెండు నెల్ల నుంచీ చెప్తానే ఉండా గదరా, ఇది ముక్కతా ఎక్కతా ఉండాదని" అంది అమ్మ. నిజమే, చెప్పింది. "అది కారమ్మా, ఆవు కాదు ముక్కడానికి" అని నేను హాస్యమాడాను. అద్దం నెమ్మదిగా ఎక్కుతోందని నాకూ తెలుసు. ఎక్కుతోంది గదా, ఇంకేం అనుకున్నాను.

వెనకటి అంబాసిడర్లకూ ఫియట్లకూ తలుపు లోపల ఒక చేతికర్ర వుండేది. దాన్ని తిప్పితే అద్దం ఎక్కేది, దిగేది. కరెంటుతో ఆడే అద్దాలు అమెరికాలో 1940 ప్రాంతంలో ప్యాకార్డు కార్లతో మొదలయ్యాయి. అప్పట్లో అవి శ్రీమంతుల ముచ్చట. ఇప్పుడు నాలాంటి మాస్టారి చిన్న కారుకు కూడా అవే. వేలితో నొక్కితే పని అవుతుంది; పని కాకపోతే మాత్రం వేలితో చెయ్యగలిగిందేమీ లేదు. "తిప్పేది ఉన్నింటే నేనే తిప్పుకుందును గదా" అంది అమ్మ. దానికి నా దగ్గర జవాబు లేదు.

నేను మామూలుగా కారు ఇచ్చే కారఖానాకు ఫోను చేశాను. తొమ్మిదిన్నరకు తెరుస్తారట, సెట్టు మొత్తం మార్చాలట, సరుకు రావడానికి రెండు రోజులు పడుతుందట. రెండు రోజులాగితే పిల్లకు పేరు పెట్టడం అయిపోతుంది. వెనక్కు పోదామంటే అమ్మ వినదు. సరేనని ఆమెను వెనక సీట్లోకి మార్చి, శాలువా కప్పి, దారిలో ఒక కొట్లో ప్లాస్టిక్ పట్టా, అంటించే టేపూ కొని కిటికీకి అడ్డం కట్టాను.

టమాటా మార్కెట్టు దగ్గర లారీలు అడ్డం పడి పది నిమిషాలు ఆగవలసివచ్చింది. పట్టా సందుల్లోంచి టమాటాల వాసన కారంతా నిండింది. పచ్చికాయ వగరు, పండిన కాయ పులుపు, తొక్కుడుపడిన కాయల ఈగల కంపు, అన్నీ కలిసిన వాసన. ఆంధ్రప్రదేశ్‌లో ఇంత పెద్ద టమాటా మార్కెట్టు మరొకటి లేదు. 2023 జూలైలో ఇక్కడే కిలో ధర నూరు రూపాయలు దాటి పరుగెత్తింది. మరో కాలంలో అదే కాయను కొనే దిక్కులేక రైతు రోడ్డు పక్కన కుమ్మరించి పోతాడు. పదేళ్ళుగా ఈ దారిన తిరుగుతున్నాను. అద్దాలు మూసుకుని పోయే నాకు ఈ వాసన ఎన్నడూ తెలియలేదు.

ఊరు దాటి వేగం అందుకునేసరికి పట్టా పటపటా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాలుగు మైళ్ళు పోకముందే ఒక మూల చిరిగింది. మంచుగాలి ఈలవేస్తూ లోపలికి దూరింది. వేగం తగ్గించాను. గాలి ఈల ఆగింది కాని మరో ఈల వినపడింది. అది వెనక సీట్లోంచి. అద్దంలో చూస్తే అమ్మ ముందుకు వంగి, రెండు చేతులూ సీటుకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి లాగుతోంది. కారు ఆపి పీల్చే మందు అందించాను. రెండుసార్లు పీల్చింది. "పద పద, ఏం లేదు" అంది. ఆ నాలుగు ముక్కలకూ మధ్య మూడుసార్లు ఆగింది. గాలికి పేరుబడ్డ ఊళ్ళో పుట్టి, గాలికోసం అంత అవస్థ పడుతున్న ఆమెను చూస్తే నా చేతులు స్టీరింగు మీద నిలవలేదు.

పుంగనూరు చేరేసరికి ఎండ వచ్చింది. టీకొట్టు ముందు ఆపి ఆమెకు వేడినీళ్ళు తాగించాను. కొట్టువాడు కారు కిటికీ వైపు చూసి, అడక్కుండానే సందు చూపించాడు. "ఆ చింతచెట్టు పక్కన రేకుల షెడ్డు సార్. సాయిబు చూస్తాడు."

సాయిబుకు అరవై దాటి వుంటాయి. గడ్డం తెల్లబడింది. కూడా పదహారేళ్ళ కుర్రవాడొకడున్నాడు. నేను కారు కథ ఎత్తుకోబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ముందు అమ్మను ఎండలో కూచోబెట్టండి సార్. కారు యాడికీ పోదు" అని కుర్చీ తెప్పించాడు.

ఎదుటి ఇంటి ముందు ఒక పుంగనూరు ఆవు కట్టేసి వుంది. మనిషి నడుము ఎత్తు కూడా లేదు. ఈ జాతి ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే. బరువు రెండు వందల కిలోలు దాటడం అరుదు. పాలు కొంచెమే అయినా వెన్న ఎక్కువ. ఒకప్పుడు అంతరించిపోతుందని భయపడ్డ జాతి ఇది. పలమనేరు పశుపరిశోధన కేంద్రం దాన్ని కాపాడుతూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకు మేత పెడుతున్న బొమ్మలు పత్రికల్లో వచ్చాక వీటి గిరాకీ మరీ పెరిగింది. అమ్మ కుర్చీలో కూచుని ఆవును చూస్తూంటే ఆమె ఊపిరి కాస్త కుదుటపడింది.

ఇక సాయిబు పని మొదలుపెట్టాడు. ముందు ఫ్యూజు చూశాడు, బాగుంది. నా పక్కనున్న మీటతోనూ, తలుపు మీది మీటతోనూ నొక్కి చూశాడు, రెండింటికీ టిక్కే. తరవాత కుర్రవాణ్ణి మీట నొక్కి పట్టుకోమని, తలుపు మీద పిడికిలితో రెండు దెబ్బలు వేశాడు. ఆశ్చర్యం! అద్దం జానెడు లేచి ఆగిపోయింది.

"మోటారులో బ్రష్షులు అరిగిపోయినాయి సార్" అన్నాడు.

లోపల తిరిగే రాగి భాగానికి రెండు చిన్న బొగ్గు బిళ్ళలు ఆనుకుని కరెంటు అందిస్తూ వుంటాయట. అవి అరిగిపోతే అందడం మానేస్తాయి. దెబ్బ వేస్తే అదిరి, ఒక్క క్షణం అందుకుంటాయి. "ఈ దెబ్బతో ఇంటిదాకా పోవచ్చు. రోజూ కొట్టుకుంటా తిరగలేరు గదా" అని నవ్వాడు.

పిడి వెనక దాగిన మరలు విప్పి, అంచు వెంబడి వున్న పిన్నులు ఒక్కొక్కటే చదునైన పనిముట్టుతో లేపి, తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. దాని వెనక నల్లటి జిగురుతో అంటించిన పల్చని ప్లాస్టిక్ తెర వుంది. దాన్ని చింపకుండా నెమ్మదిగా ఒలిచాడు. వాననీళ్ళు కారు లోపలికి రాకుండా ఆపేది అదేనట. తీగల కొసకు చిన్న బల్బు తగిలించి మీట నొక్కించాడు. బల్బు వెలిగింది. అంటే కరెంటు వస్తోంది, మోటారే తీసుకోవడం లేదు. అద్దం జానెడు లేచింది గనుక దాన్ని పట్టివుంచే రెండు బోల్టులూ సరిగ్గా తలుపు రంధ్రానికి ఎదురుగా వచ్చాయి. అవి విప్పి, అద్దాన్ని చేత్తో పైకి నెట్టి, జారిపడకుండా టేపుతో చట్రానికి అంటించాడు. ఆ తరవాతనే మోటారును బయటికి లాగాడు.

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి గనుక, అద్దాన్ని ఎత్తే ఆ సరంజామాకు మంచి తెలుగు పేరేమిటా అని ఆలోచిస్తున్నాను. "గ్లాసు మిషను" అన్నాడు సాయిబు. అంతకంటె మంచి పేరు నాకు తట్టలేదు. మోటారు విప్పి చూపించాడు. చిన్నదే, పిడికిట్లో ఇముడుతుంది. పన్నెండు వోల్టులతో గిర్రున తిరుగుతుంది. దాని కొసన మరమేకులాంటి కడ్డీ వుంది. ఆ కడ్డీ ఒక పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. వేగం తగ్గి, బలం పెరుగుతుంది. ఇందులో ఒక చమత్కారం వుంది. కడ్డీ చక్రాన్ని తిప్పగలదు గాని, చక్రం కడ్డీని తిప్పలేదు. అందుకే గతుకుల రోడ్డు మీద కూడా అద్దం తనంతట తాను జారిపోదు. దొంగ చేత్తో అదిమినా దిగదు.

పాత కార్లు విప్పే కొట్టుకు కుర్రవాణ్ణి బండి మీద పంపాడు. ముప్పావుగంటలో వాడు ఒక మోటారు తెచ్చాడు. బ్యాటరీకి రెండు తీగలు తగిలించి చూస్తే చక్కగా తిరిగింది. ఇక బిగించడమే తరువాయి అనుకుని గడియారం చూసుకున్నాను. పదకొండు దాటింది. సాయిబు మాత్రం మోటారు పక్కన పెట్టి, అద్దం జారే రబ్బరు గాడిలో వేలు పెట్టి లాగాడు. వేలికి నల్లటి మట్టి అంటింది. రబ్బరు చెప్పు అట్టలా గట్టిపడివుంది. తలుపు అడుగున వున్న సన్నని రంధ్రాల్లో తీగ పెట్టి కెలికాడు. చింతాకులూ, వాటి వెనక నీళ్ళూ బొటబొటా కారాయి. కాలేజీలో రోజూ చింతచెట్టు నీడలో కారు పెట్టి, నీడ దొరికిందని మురిసిపోయేవాణ్ణి నేనే.

"సాయిబూ, మాకు కుప్పం పోవాలి. ఇవన్నీ తరవాత చూసుకోవచ్చు గదా?" అన్నాను.

"మోటారు ఇప్పుడే బిగించి పంపొచ్చు సార్. ఆర్నెల్లకు మళ్ళా వస్తారు. మోటారుది తప్పు కాదు. ఎక్కే దారి బిగుసుకుపోయింది. ఆ బరువు ఈడ్చీ ఈడ్చీ అరిగి సచ్చింది."

కుర్చీలోంచి అమ్మ అంది: "నా మాదిరే."

నవ్వుతూనే అంది. సాయిబూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏడాది కిందట ఛాతీ డాక్టరుగారు ఇంచుమించు ఈ మాటే చెప్పారు. "గుండె బాగానే వుంది, గాలి పోయే గొట్టాలు బిగుసుకుంటున్నాయి, మూడు నెలలకోసారి తీసుకురండి" అన్నారు. నేను ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను. మేడమెట్లెక్కి అమ్మ ఆయాసపడుతూంటే వయసు అన్నాను. ఎక్కుతోంది గదా, ఇంకేం అనుకున్నాను. అద్దం విషయంలోనూ సరిగ్గా అదే అనుకున్నాను గదా!

ఇక తొందరపెట్టలేదు. సాయిబు సన్నని పుల్లకు గుడ్డ చుట్టి గాడి పొడుగునా తుడిచి, సిలికాన్ మందు చిమ్మాడు. నూనె రాస్తే సరిపోదా అని అడిగాను. "నూనె రబ్బరును తింటాది. దుమ్మును పిలుస్తాది" అన్నాడు. మోటారు బిగించి, అట్ట మూయకముందే మీట నొక్కి చూడమన్నాడు. పైకి నొక్కితే అద్దం కిందికి దిగింది! అమ్మ పకపకా నవ్వింది. పాత మోటారు తీగలు కోసి అతికించినప్పుడు కుర్రవాడు వాటిని తారుమారు చేశాడు. ఈ మోటారుకు కరెంటు ఏ తీగలోంచి వచ్చి ఏ తీగలోంచి పోతుందన్నదే దిక్కు. తీగలు మారిస్తే తిరుగుడూ మారుతుంది. మార్చగానే అద్దం చెప్పినమాట వింది. తలుపు పైఅంచు తాకి, చప్పుడు లేకుండా ఆగింది. తెర మళ్ళీ అంటించి, అట్ట బిగించి, మోటారుకు పదకొండు వందలు, పనికి ఆరు వందలు తీసుకున్నాడు. అరిగిన మోటారును కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. "ఇంట్లో పెట్టుకోండి సార్, గురుతుంటాది."

పన్నెండున్నరకు బయలుదేరాం. పలమనేరు దాటాక రోడ్డు కౌండిన్య అడవుల అంచున సాగుతుంది. 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు ఈ అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. 1990లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఏనుగుకు అడవి గీత తెలియదు. అరటితోటలోకీ చెరకుతోటలోకీ వస్తుంది. పంట కాచుకునే రైతుకు రాత్రి నిద్ర వుండదు. 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చి పలమనేరు దగ్గర శిబిరం పెట్టారు. అమ్మ ఇవన్నీ వింటూ వింటూ అద్దానికి తల ఆనించి నిద్రపోయింది. వి.కోట దాటేదాకా నేను రేడియో పెట్టలేదు. ఆమె ఊపిరి చప్పుడు వినడమే నాకు కావలసివచ్చింది.

కుప్పం మన రాష్ట్రానికి మూలన వున్న ఊరు. ఒక పక్క తమిళం, ఒక పక్క కన్నడం. మదరాసుకూ బెంగుళూరుకూ మధ్య రైలు దారి ఊరి మీదుగానే పోతుంది. అంగట్లో ఒకే బేరం మూడు భాషల్లో సాగుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ పెట్టడానికి ఇంతకంటె తగిన చోటు దొరకదు. మూడున్నరకు అక్క ఇల్లు చేరాం. నాలుగు గంటలకు అమ్మ పిల్లను రెండు చేతులా ఎత్తి, వంగి, ఉయ్యాలలో పడుకోబెట్టింది. లేచి నిలబడ్డాక ఆయాసపడలేదు. ఎవరూ గమనించి వుండరు. నేను గమనించాను.

మరునాడు బావ మమ్మల్ని పరమసముద్రం చెరువు చూడమన్నాడు. 2025 ఆగస్టు చివర హంద్రీ–నీవా కాలువలో కృష్ణా నీళ్ళు కుప్పందాకా వచ్చినప్పుడు హారతి ఇచ్చింది అక్కడే. శ్రీశైలం జలాశయం దగ్గర ఎత్తిపోసిన నీళ్ళు, మెట్టు తరవాత మెట్టుగా మోటార్లు తోడి పోస్తూ వుంటే, ఏడు వందల కిలోమీటర్లకు పైగా నడిచి ఈ మూలకు చేరాయి. మోటార్లు వుంటే సరిపోలేదు, దారి కావాలి. కాలువ తవ్వి, వెడల్పు చేసి, పూడిక తీసి, సిమెంటు పూసి సిద్ధం చేసేదాకా కుప్పం ఎన్నో ఏళ్ళు ఎదురుచూసింది. సాయిబు చూసివుంటే తల ఊపేవాడు.

చెరువుగట్టు మీద కారు ఆపాను. అమ్మ తనే మీట నొక్కి అద్దం దించింది. ఎండ వెచ్చగా వుంది. నీళ్ళకు దణ్ణం పెట్టుకుంది.

"అమ్మా, సోమవారం కాలేజీకి సెలవు పెడతాను. డాక్టరుగారి దగ్గరకు పోదాం" అన్నాను.

సరేననలేదు, వద్దనలేదు. మీట పైకి నొక్కింది. అద్దం చివరిదాకా ఎక్కి మూసుకుంది. చెవి తలుపుకు ఆనించి ఒక క్షణం వింది.

"ఇప్పుడు ముక్కలేదురా" అంది అమ్మ.